మెరక మీదికి గుండ్లకమ్మ

ఏటి నీళ్ళను మెరక పొలాలకు ఎక్కించే పనిలోనే నా ఉద్యోగమంతా గడిచిపోయింది. పదవీ విరమణ చేసి గుంటూరు బ్రాడీపేటలో ఇంటిపట్టున ఉంటున్నా ఆ పని నన్ను వదలడం లేదు. ఎవరో ఒక రైతు ఆటో దిగి మా గేటు తీస్తూనే ఉంటాడు. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన ఇంజనీర్లు కూడా వస్తుంటారు. కాఫీ తాగి, కుశల ప్రశ్నలు అయ్యాక, "మేడం, ఏ మోటారు మంచిదంటారు?" అని అడుగుతారు. ఆ ప్రశ్న వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పాదం కొలత చూసుకోకుండా చెప్పులు కొనేవాళ్ళుంటారా? నీళ్ళు ఎంత ఎత్తు ఎక్కాలో, ఏ గొట్టంలో ఎక్కాలో చూడకుండా మోటారు పేరు అడగడమూ అంతే.

అలా వచ్చినవాళ్ళకు నోటితో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, ఫైళ్ళ గొడవ ఇందులో ఉండదు. అవి అందరికీ ఉన్నవే.

భుజం మీద బిందె

నేను చేరిన కొత్తలో మా పై అధికారి సుబ్రహ్మణ్యం గారు. ఆయన గొంతు విప్పితే ఆఫీసు ఆవరణలో కాకులు లేచిపోయేవి. ఆడపిల్ల ఇంజనీరుగా వచ్చిందని మిగతావాళ్ళు నన్ను బల్ల దగ్గర కూర్చోబెట్టి లెక్కలు వేయించాలని చూస్తే, ఆయన మాత్రం మొదటి వారంలోనే జీపెక్కించి కృష్ణ ఒడ్డుకు తీసుకెళ్ళారు. రైతులు తమ పొలం చూపించారు. నల్లరేగడి, పత్తి చేను, కనుచూపు మేరా చదునుగా ఉంది.

"ఎత్తెంత ఉంటుందమ్మా?" అని అడిగారాయన.

"ఎత్తేముంది సార్, చదునే కదా," అన్నాను. రైతులు కూడా తలలూపారు.

ఆయన రెండు బిందెలు తెప్పించి, ఏట్లో ముంచి, ఒకటి నా భుజాన పెట్టించి, రెండోది తన భుజాన పెట్టుకుని, "పద," అన్నారు. సగం దారిలోనే నాకు ఆయాసం వచ్చింది. కంటికి చదునుగా కనిపించే ఆ నేల అడుగడుగునా పైకి లేస్తూనే ఉంది. రేగడి నేలల్లో ఇదొక మాయ. ఎత్తు కంటికి ఆనదు. పొలం చేరేసరికి చీర సగం తడిసింది, బిందెలో నీళ్ళు సగమే మిగిలాయి.

"ఇప్పుడు చెప్పు, చదునా?" అన్నారు. నేను బిందె దించి అక్కడే కూలబడ్డాను. "మోటారుకి నోరు లేదు కాబట్టి చెప్పదు. దాని తరపున నువ్వు చెప్పాలి," అని ఆయన తన బిందెను పత్తి మొక్కలకు పోసేశారు. అప్పటిదాకా ఆయన బిందెలో నీళ్ళు నిండుగానే ఉన్నాయి. ఆ మనిషి మీద నాకు ఉన్న గౌరవానికి అది మొదటి కారణం.

ఎత్తు ఎంతో తెలుసుకోవడానికి ఇప్పుడు ఫోన్లలోనే రకరకాల సదుపాయాలున్నాయి. వాడండి, కాదనను. కానీ ఏటి నుంచి పొలం దాకా ఒక్కసారైనా నడవండి. బిందె మీ ఇష్టం.

దూకే నీళ్ళ మోజు

మన గుంటూరు, ప్రకాశం రైతులకు నీళ్ళు రావడం ఒక్కటే చాలదు. నీళ్ళు దూకాలి. గొట్టం మూతి మనిషెత్తున నిలబెట్టి, అక్కడి నుంచి నీళ్ళు ఎగిరి పడుతుంటే, రోడ్డు మీద పోయేవాడు సైకిలాపి చూడాలి. అది పొలానికి ఒక పరువు. నేను దాన్ని వెక్కిరించను. వానలు లేని ఏళ్ళలో ఎండిన బోర్ల పక్కన నిలబడి ఏడ్చినవాళ్ళకు, నీళ్ళు కంటికి కనపడాలని ఉండటం న్యాయమే. కాకపోతే గొట్టం మూతిని మనిషెత్తు లేపితే, ఆ మనిషెత్తు కూడా మోటారే మోయాలి. మోసినంతకాలం దానికి కరెంటు తాగించాలి.

రెండో మోజు సన్న గొట్టం. సన్న గొట్టంలోంచి నీళ్ళు జోరుగా కొడతాయి, అందుకని అదే మంచిదనుకుంటారు. ఆ జోరంతా ఇరుకులో పడే యాతన. లావు గొట్టంలో నీళ్ళు తాపీగా నడిచొస్తాయి, చూడటానికి చప్పగా ఉంటుంది, కానీ తొట్టి ముందు నిండేది దానితోనే. మోటార్ల కొట్టువాళ్ళు ఈ సంగతి చెప్పరు. నీళ్ళు తక్కువొస్తున్నాయి అంటే ఇంకా పెద్ద మోటారు చూపిస్తారు. వాళ్ళ వ్యాపారం వాళ్ళది.

తక్కువ ఖర్చుతో నీళ్ళు ఎక్కించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. లావు గొట్టం, చిన్న మోటారు, ఎక్కువసేపు, ఏటికి వీలైనంత దగ్గరగా. మోటారు నీళ్ళను బాగా తోస్తుంది, లాగడం మాత్రం దానికి చేతకాదు. దాన్ని గట్టు మీద నీడలో పెట్టి ఏట్లోంచి లాగమంటే పాపం చచ్చిపోతుంది. ఇంతకంటే శాస్త్రం ఇందులో పెద్దగా లేదు. మిగతాదంతా మనుషులతో పని. అది నాకు బాగా తెలిసొచ్చింది సువార్తమ్మ గారి పొలంలో.

జామాయిలా, మిరపా

పదవీ విరమణ చేశాక ఒకరోజు దేవదానం మాస్టారు మా ఇంటికొచ్చారు. హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు, మాట మొదలుపెడితే ఆపడం ఆయనకే చేతకాదు. ఆయన వెనక ఆయన భార్య సువార్తమ్మ గారు నిలబడి ఉన్నారు. అద్దంకి అవతల గుండ్లకమ్మ ఒడ్డున వాళ్ళకు మెరక మీద మిరప చేను ఉంది. కిందటేడు కాయ ఊరే సమయానికి ఏరు ఎండిపోయి, చేనంతా కళ్ళముందే వాడిపోయింది. అందుకని మెరక మీద పెద్ద గుంట తవ్వించి, అడుగున ప్లాస్టిక్ షీటు పరిచారు. ఏరు పారుతున్నన్నాళ్ళూ దాన్ని నింపుకుని, ఎండాక దాంతో చేను తడుపుకోవాలని వాళ్ళ ఆలోచన. మంచి ఆలోచనే. కానీ పెద్ద మోటారు, సన్న గొట్టం పెట్టి, అది రెండుసార్లు కాలిపోయి, గుంట అడుగు కూడా తడవలేదు.

"ఈ ఏడు కూడా ఎండిందంటే జామాయిల్ తోట వేసేద్దామనుకుంటున్నామండి," అన్నారు మాస్టారు. "మొక్కల అతనితో మాట్లాడి కూడా ఉంచాను. నీళ్ళక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. నేను హాయిగా పేపరు చదువుకుంటాను."

వెనక నిలబడ్డ సువార్తమ్మ గారు ముందుకొచ్చారు. "ఈయన పేపరు చదువుకుంటారమ్మా. నేనేం చెయ్యాలి? ఆ చేను మా నాన్న పరాయి చేలల్లో కూలి చేసి కొన్నాడు. మా పేటలో మొదటి సొంత చేను అది. జామాయిల్ వేర్లు దిగాయంటే మళ్ళీ నా బతుకులో అక్కడ మిరప చూడను."

నేను ఆ వారమే వెళ్ళాను.

పాత మోటారు అమ్మించి, దాంట్లో సగం కూడా లేని చిన్న మోటారు కొనిపించాను. లావు గొట్టం వేయించాను. ఇక గుంట దగ్గర మాస్టారితో పేచీ వచ్చింది. ఆయనకు గట్టు మీద సిమెంటు దిమ్మె కట్టి, దాని మీంచి నీళ్ళు దూకించాలని ఉంది. నేను ఒప్పుకోలేదు. అంతెత్తు నుంచి నీళ్ళు పడితే షీటు చిరిగిపోతుంది, ఎత్తు దండగ. గొట్టాన్ని గట్టు దాటించి, మూతిని గుంట అడుగు దాకా దింపేశాను. గుంటలో నీళ్ళు పెరిగాక మూతి మునిగిపోతుంది. చప్పుడు ఉండదు, నురుగు ఉండదు.

"అంటే నీళ్ళు వస్తున్నట్టు ఎవరికీ తెలియదా?" అన్నారు మాస్టారు, మొహం చిన్నబుచ్చుకుని.

"గుంట నిండితే తెలుస్తుందండి."

ఊళ్ళో పెద్ద నవ్వులాట అయింది. "ఏరా, మీ మాస్టారి మోటారు నిద్రపోతుందా?" అని దారిన పోయేవాళ్ళు పొలం పనివాళ్ళను అడిగేవారు. మాస్టారు ఉండబట్టలేక, ఎవరైనా చుట్టాలొస్తే గొట్టం మూతిని బయటికి లాగి నీళ్ళు చూపించి మళ్ళీ ముంచేవారట. ఇది నాకు తర్వాత తెలిసింది. తిట్టాలనుకున్నాను గాని నవ్వొచ్చి ఊరుకున్నాను. గుంట మాత్రం నిశ్శబ్దంగా నిండుతూ పోయింది.

సైకిల్ ట్యూబు కట్టు

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. గొట్టం మూతి నీళ్ళలో మునిగి ఉంటే ఒక ప్రమాదం ఉంది. బండి ట్యాంకులోంచి గొట్టంతో పీల్చి పెట్రోలు తీయడం చూసే ఉంటారు. ఒకసారి ధార మొదలైతే అదే దిగిపోతుంది. మోటారు ఆగినప్పుడు గుంటలో నీళ్ళు కూడా అలాగే వచ్చిన దారినే ఏట్లోకి దిగిపోగలవు. ఏట్లో ఉన్న గొట్టం చివర ఫుట్‌వాల్వ్ అని ఒక మూత ఉంటుంది, అది అడ్డుకోవాలి. కానీ ఏ పుల్లముక్కో ఇరుక్కుంటే ఆ మూత సరిగా పడదు. మన వాళ్ళు అప్పుడు గొట్టంలో పేడనీళ్ళు పోసి సందులు పూడ్చి, మోటారు నీళ్ళెత్తితే చాలనుకుని సరిపెట్టుకుంటారు. అందుకే నేను ఆ మూతను ఎప్పుడూ నమ్మను. గొట్టం గట్టు మీద అన్నిటికంటే ఎత్తుగా ఉన్నచోట చిన్న చిల్లు పెట్టిస్తాను. మోటారు ఆగగానే అందులోంచి గాలి దూరుతుంది, ధార తెగిపోతుంది. మోటారు నడుస్తున్నప్పుడు అది కాస్త బుస్సుమంటుంది, అంతే.

క్రిస్మస్ దగ్గరపడే నాటికి గుంట దాదాపు నిండింది. ఏరు సన్నబడి ఒక పాయగా పారుతోంది. ఒక ఆదివారం వాళ్ళు మోటారు వేసి గుడికి వెళ్ళారు. ఆరాధన అయ్యాక అక్కడే భోజనాలు, పిల్లల పాటల అభ్యాసం. ఈలోగా కరెంటు పోయింది. సాయంత్రం పొలానికొచ్చి చూస్తే గుంటలో నీళ్ళు అడుగున ఎక్కడో ఉన్నాయి. షీటు మడతలు బయటపడ్డాయి.

కబురు అంది మర్నాడు నేను వెళ్ళేసరికి గట్టు మీద ఇద్దరూ ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నారు. గట్టెక్కి గొట్టం చూశాను. నా చిల్లు మీద సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, ఇనుప తీగతో బిగించి కట్టి ఉంది. కట్టు చాలా అందంగా ఉంది.

"ఇది ఎవరు కట్టారు?"

"నేనేనమ్మా," అన్నారు సువార్తమ్మ గారు. "గొట్టానికి చిల్లుపడి గాలి పీలుస్తుంటే ఊరుకుంటానా? గాలి పీలిస్తే మోటారు నీళ్ళెత్తదని మా నాన్న దగ్గర్నుంచీ ఎరుగుదును."

ఆవిడ చెప్పింది నిజమే, మోటారుకు ఏటి వైపు ఉన్న గొట్టం విషయంలో. అక్కడ సూదిమొనంత చిల్లు పడినా నీళ్ళు ఎక్కవు. ఈ ప్రాంతంలో మోటారు వేయడం తెలిసిన ఎవరైనా గాలి బుస వినగానే చేసే పనే ఆవిడా చేశారు. గట్టు మీది చిల్లు వేరని ఆవిడకు ఎవరు చెప్పారు గనక?

నేను మాస్టారి వైపు తిరిగాను. "మాస్టారూ, ఈ చిల్లు ఎందుకు పెట్టానో మీకు చెప్పానా లేదా?"

"చెప్పారండి. బొమ్మ కూడా గీసి చూపించారు. చాలా బాగా అర్థమైంది."

"మరి ఆవిడకు చెప్పారా?"

"మోటారు సంగతులు ఆవిడకెందుకులే అని..."

"ఇక్కడ రోజూ మోటారు వేసేది ఎవరు?"

మాస్టారు జేబులో పెన్ను సర్దుకున్నారు. "నేనేనమ్మా," అన్నారు సువార్తమ్మ గారు. "పొద్దున వేసేదీ నేనే, ఆపేదీ నేనే. పుల్లలు తీసేదీ, పేడనీళ్ళు పోసేదీ నేనే. ఈయనకు కమిటీ మీటింగులుంటాయి."

నాకు నిజంగా కోపం వచ్చింది. మాస్టారిని ఒక్కరినే అనడానికి లేదు. ఈ పనిలో ఇన్నేళ్ళు చూశాను. ఏ ఊరికెళ్ళినా మోటారు గురించి వినడానికి మగవాళ్ళు చుట్టూ మూగుతారు. ఆడవాళ్ళు కాస్త దూరంలో నిలబడి మనకు మజ్జిగ కలుపుతుంటారు. మనం బొమ్మలు గీసి, లెక్కలు చెప్పి, చేతులు దులుపుకుని వచ్చేస్తాం. మర్నాటి నుంచి ఆ మీట నొక్కేది మజ్జిగ కలిపిన చెయ్యి. కొత్తగా వచ్చే పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. మీట నొక్కేది ఎవరో ముందు కనుక్కోండి. చెప్పాల్సింది వాళ్ళకు చెప్పండి.

సువార్తమ్మ గారిని గట్టు మీదికి పిలిచి, ఒక చిన్న ట్యూబు, బక్కెట్టు నీళ్ళు తెప్పించి, ధార ఎలా దిగుతుందో, చిల్లు పెడితే ఎలా తెగుతుందో చూపించాను. ఆవిడ ఒక్కసారి చూసి, తీగ విప్పి, ట్యూబు ముక్క తీసి మాస్టారి చేతిలో పెట్టారు. "దాచుకోండి," అన్నారు.

ఇసుక అడుగున

కోపం తీరింది గాని నీళ్ళు తిరిగి రాలేదు. చేలో మిరప పూత మీద, పిందె మీద ఉంది. గుంటలో మిగిలినవి ఒకటి రెండు తడులకు మించి రావు. ఏరేమో నాలుగు రోజుల్లో పూర్తిగా ఆగేలా ఉంది. మాస్టారు, "ఇక జామాయిల్ అతనికి ఫోన్ చేస్తాను," అన్నారు. ఈసారి ఆయన గొంతులో సంతోషం లేదు. సువార్తమ్మ గారు ఏటి వైపు చూస్తూ నిలబడ్డారు.

అప్పుడు నేను ఏట్లోకి దిగాను. ఆ మలుపులో ఇసుక మందంగా ఉంది. ఇసుక తోలే ట్రాక్టర్ల కన్ను ఇంకా దాని మీద పడలేదు. ఏరు పైకి ఆగినా ఇసుక అడుగున చాలా రోజులు నడుస్తుంది. వేసవిలో చెలమలు తవ్వి తాగునీళ్ళు తోడుకోవడం అక్కడి అందరికీ తెలిసిందే. కానీ చెలమతో చేను తడపాలని ఎవరూ ఎందుకు అనుకోరంటే, అందరివీ పెద్ద మోటార్లు. చెలమలో నీళ్ళను ఒక్క గుక్కలో తాగేసి, గాలి పీల్చి, ఆగిపోతాయి. మళ్ళీ ఊరేదాకా కూర్చోవాలి.

మనది చిన్న మోటారు. అది తాగేది నెమ్మదిగా.

వెంటనే పని మొదలైంది. పేటలోంచి సువార్తమ్మ గారి తమ్ముళ్ళు, వాళ్ళ భార్యలు పారలు, తట్టలు పట్టుకొచ్చారు. మాస్టారు కూడా తెల్ల చొక్కా విప్పి తట్ట పట్టారు. చెలమ లోతుగా తవ్వి, ఇసుక కూలకుండా బావులకు వాడే సిమెంటు వరలు దించి, వాటి చుట్టూ కంకర పోశాం. కొత్త ఫుట్‌వాల్వ్‌కు వల చుట్టి వరల్లో దించాం. కరెంటు రాగానే సువార్తమ్మ గారు మీట నొక్కారు. వరల్లో నీళ్ళు కాస్త దిగి, ఒకచోట ఆగాయి. మోటారు ఎంత తీసుకుంటోందో ఇసుక అంత ఇస్తోంది. నేను గట్టెక్కి చిల్లు దగ్గర చెవి పెట్టి విన్నాను. బుస్సుమంటోంది. అంత చక్కటి చప్పుడు నేను ఉద్యోగంలో వినలేదు.

ఏరు క్రిస్మస్ దాటగానే ఆగిపోయింది. మోటారు మాత్రం కరెంటు ఉన్నంతసేపూ నడుస్తూనే ఉంది. గుంట పూర్తిగా నిండలేదు, ఆ మాట దాచను. చివరి బారు మొక్కలు కొన్ని వాడాయి. మిగతా చేనంతా కాయ పట్టింది.

కల్లం దగ్గర

కాయలు ఆరబోశారని, రమ్మని కబురు వస్తే వెళ్ళాను. కల్లం నిండా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి. ఆ ఘాటుకు దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. సువార్తమ్మ గారు చీర కొంగు ముక్కుకు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. మాస్టారు నీడన కుర్చీ వేయించి, నాకు గుండ్లకమ్మ చరిత్ర మొదలుపెట్టారు.

అంతలో మోటారు సైకిలు మీద ఒక కుర్రాడు వచ్చాడు. జామాయిల్ మొక్కలు పెంచి అమ్మే మనిషి. "మాస్టారూ, వానలు పడగానే మొక్కలు కావాలన్నారు. గుంతలు ఎటునుంచి తీయిద్దామో చూసుకుపోదామని వచ్చానండి," అన్నాడు.

మాస్టారు చరిత్ర ఆపేసి భార్య వైపు చూశారు. ఆవిడ కొంగు విప్పుకుని, కాయలు తొక్కకుండా పక్కగా నడిచి వచ్చారు.

"మీదేవూరు బాబూ?"

అతను చెప్పాడు. గుండ్లకమ్మ పై మలుపులో ఉన్న ఊరు.

"సొంత పొలముందా?"

"ఉందండి. ఏటి పక్కనే, మెరక. నీళ్ళెక్కక మేమూ జామాయిలే వేశాం. అలాగే ఈ మొక్కల పని పట్టింది."

"అంతకుముందు ఏం వేసేవాళ్ళు?"

"మిరపేనండి." అతని చూపు కల్లం మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. వంగి ఒక కాయ చేతిలోకి తీసుకుని, "ఏరు ఆగిపోయింది కదండీ, దీన్నెట్టా పండించారు?" అని మాస్టారిని అడిగాడు.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. నోరు తెరిచేలోపే సువార్తమ్మ గారు చెయ్యెత్తి ఆపారు.

"చెబుతాను. అంతా చూపిస్తాను కూడా. కానీ ఇవాళ కాదు," అన్నారు ఆ అబ్బాయితో. "రేపు మీ ఆవిడని వెంటబెట్టుకుని రా. నువ్వొక్కడివే వస్తే చెప్పను."